ఎండ తగిలిన చోటే దద్దుర్లు: చల్లటి బెంగళూరులో ఇదెలా సాధ్యం?

మారతహళ్ళి వాసి:
అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. ఉద్యోగరీత్యా బెంగళూరులో స్థిరపడ్డాను. మారతహళ్ళి నుంచి వైట్‌ఫీల్డ్‌కు రోజూ స్కూటర్ మీద వెళ్ళి వస్తుంటాను. ఏటా ఉగాదికి కాస్త ముందు, చలికోటు పక్కన పెట్టి పొట్టి చేతుల కుర్తీలు వేసుకోవడం మొదలుపెట్టగానే, ముంజేతుల వెలుపలి వైపునా, మెడ కింద కుర్తీ కప్పని భాగంలోనూ ఆవగింజంత బొడిపెలు గుంపులుగా లేస్తున్నాయి. ఉదయం ఎండలో వెళితే సాయంత్రానికో మర్నాటికో దురద మొదలవుతుంది. గడియారం పట్టీ కింద మాత్రం ఒక్క బొడిపె కూడా ఉండదు; పట్టీ అంచు దగ్గర గీత గీసినట్టు ఆగిపోతాయి. వారం పది రోజులకు అవే తగ్గి, ఆ చోట లేత రంగు చుక్కలు మిగులుతాయి. ముఖం మీద ఎప్పుడూ రాలేదు. రోహిణి కార్తెలో ఒంగోలులో తిరిగినప్పుడు కూడా ఇలా కాలేదు. ఇది ఎండ వల్లనే అయితే, అంత ఎండలో రానిది ఈ చల్లటి ఊళ్ళో ఎందుకు వస్తున్నట్టు? దీనికి ఏ వైద్యులను కలవాలి?

వేపపుల్ల:
ఇవి చెమటకాయలేనని నా అభిప్రాయం. లేదా బోరు నీళ్ళ ప్రభావం కావచ్చు. ఇక్కడి అపార్ట్‌మెంట్లలో ట్యాంకర్ నీళ్ళు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. కోస్తా ఎండల్లో పెరిగిన ఒంటికి బెంగళూరు ఎండ ఒక లెక్కా? వేపాకు మరిగించిన నీళ్ళతో స్నానం చేసి చూడండి.

మైలాపూర్ చర్మవైద్యుడు:
వేపపుల్ల గారి అనుమానం చాలామందికి వచ్చేదే, కానీ ప్రశ్నలోని వివరాలు దానికి సరిపోవడం లేదు. చెమటకాయలు గాలి ఆడని చోట, అంటే వీపు మీద, నడుము చుట్టూ, చంకల దగ్గర, బట్ట ఒరుసుకునే చోట వస్తాయి. నీళ్ళ వల్ల వచ్చే దురద గడియారం పట్టీని చూసి ఆగదు. బట్ట కప్పిన చోటును విడిచిపెట్టి, కప్పని చోటనే వచ్చి, మధ్యలో స్పష్టమైన గీత కనిపిస్తోందంటే ముందుగా అనుమానించవలసింది వెలుతురునే.

ఎదురుగా కూర్చోబెట్టి చూడకుండా ఎవరికీ రోగ నిర్ధారణ చేయలేను కాబట్టి, సాధారణంగా మేము ఎలా ఆలోచిస్తామో చెబుతాను. ‘ఎండ అలర్జీ’ అన్నది ఒక జబ్బు కాదు. పదిరకాల జబ్బులకు జనం పెట్టుకున్న ఒకే పేరు. వాటిని విడదీయడానికి ఏ పరీక్షకన్నా ముందు పనికొచ్చేది కాలం లెక్క. ఎండలోకి వెళ్ళిన నిమిషాల్లో లేచి, నీడలోకి వచ్చిన గంటా రెండు గంటల్లో మాయమయ్యేది ఒక జాతి. కొన్ని గంటల తర్వాత లేదా మర్నాడు మొదలై, కొన్ని రోజులపాటు ఉండి, శాశ్వతమైన మచ్చ పడకుండా పోయేది ఇంకొకటి. ఎండలో తిరిగిన వారం రెండు వారాలకు నిదానంగా వచ్చి, నెలల తరబడి తిష్ఠ వేసేది మరొకటి. రోగులు ఎంతసేపూ ఏం రాసుకోవాలనే అడుగుతారు, మేము మాత్రం ఎంతసేపటికి వచ్చింది, ఎన్నాళ్ళు ఉంది అని అడుగుతాం.

మీరు చెప్పిన తీరు ‘పాలీమార్ఫిక్ లైట్ ఎరప్షన్’ అనే దానికి బాగా దగ్గరగా ఉంది. వాడుకలో పీఎంఎల్‌ఈ అంటారు. వెలుతురు వల్ల వచ్చే చర్మ వ్యాధుల్లో అన్నిటికన్నా తరచుగా కనిపించేది ఇదే. ఆడవాళ్ళలో ఎక్కువ, ఇరవైల్లో ముప్ఫైల్లో మొదలవడం మామూలు. మన చామనఛాయ చర్మం మీద ఎర్రదనం అంతగా తెలియదు. ముంజేతుల మీదా మెడ వెనుకా సన్నటి లేత రంగు బొడిపెలుగా కనబడటం వల్ల చాలామంది దీన్ని పొడి చర్మం అనుకుని కొబ్బరినూనె రాసుకుని ఊరుకుంటారు.

ముఖానికి ఎందుకు రాదన్నది మంచి ప్రశ్న. ఈ జబ్బుకు ఒక విచిత్ర లక్షణం ఉంది. ఏడాది పొడవునా వెలుతురు తగిలే చర్మం దానికి అలవాటు పడి ప్రతిస్పందించడం మానేస్తుంది. ముఖమూ అరచేతుల వెనుక భాగమూ అలా అలవాటు పడినవే. చలికాలమంతా కోటు చేతుల కింద దాగి, మార్చిలో ఒక్కసారిగా బయటపడ్డ ముంజేతులకు ఆ అలవాటు ఉండదు. ఒంగోలులో మీరు ఏడాదంతా పొట్టి చేతులతోనే తిరిగి ఉంటారు; ఒంగోలులో చలికోటు అవసరం ఎవరికి ఉంటుంది కనుక! కొందరికి వేసవి ముదిరేకొద్దీ ఇది దానంతటదే తగ్గిపోవడానికి కారణం కూడా ఈ అలవాటే.

లెక్కల మాస్టారు:
డాక్టరు గారు చర్మం వైపు నుంచి చెప్పారు కాబట్టి ఆకాశం వైపు నుంచి నేను కొంత చెబుతాను. బెంగళూరులో ఇరవై ఏళ్ళకు పైగా భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి.

మనకు ఒంటికి తెలిసేది వేడి. చర్మాన్ని కమిలించేది అతినీలలోహిత కిరణాలు. ఈ రెండూ కలిసి వస్తాయి కాబట్టి ఒకటే అనుకుంటాం, కానీ అతినీలలోహిత కిరణాలను పసిగట్టే ఇంద్రియం మనకు లేదు. గాలి చల్లగా ఉంటే వేడి తెలియదు, కిరణం మాత్రం తన పని తాను చేసుకుపోతుంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకూ ఈ కిరణాల తీవ్రత సుమారు 10 శాతం పెరుగుతుంది, ఎందుకంటే వాటిని అడ్డుకునే గాలి పొర పలుచబడుతుంది. బెంగళూరూ చెన్నై రెండూ దాదాపు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. ఏప్రిల్ 24 ప్రాంతంలో ఒకసారీ, ఆగస్టు 18 ప్రాంతంలో మరోసారీ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చి, నిలబెట్టిన కర్రకు పక్కకు నీడే పడదు. అంటే సూర్యుడి కోణం రెండు ఊళ్ళకూ సమానమే, ఒంటికి తెలిసే తేడా ఉన్నది ఉష్ణోగ్రతలోనూ ఉక్కపోతలోనూ మాత్రమే. వేసవి మధ్యాహ్నం ఆకాశం తేటగా ఉంటే అతినీలలోహిత సూచిక 11 దాటడం ఈ రెండు చోట్లా మామూలే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 11, ఆపైన ఉంటే తీవ్రాతితీవ్రం.

మబ్బు పట్టింది కదా అని ధీమా పడకండి. పల్చటి మబ్బులోంచి ఈ కిరణాల్లో అధిక భాగం దిగిపోతుంది. ఫోను చూడనవసరం లేని కొండగుర్తు ఒకటుంది: మీ నీడ మీకన్నా పొట్టిగా ఉంటే సూర్యుడు 45 డిగ్రీలకు పైన ఉన్నాడని అర్థం, కాబట్టి ఆ సమయంలో చేతులు కప్పుకోవాలి.

అతినీలలోహితాన్నే పొట్టిగా యూవీ అంటారు. ఈ కిరణాల్లో మనదాకా వచ్చేవి రెండు రకాలు. తరంగదైర్ఘ్యం 280 నుంచి 315 నానోమీటర్ల మధ్య ఉండే యూవీబీ చర్మం పైపొరను కాలుస్తుంది. 315 నుంచి 400 మధ్య ఉండే యూవీఏ లోతుకు వెళుతుంది. నేలకు చేరే అతినీలలోహితంలో సుమారు 95 శాతం యూవీఏనే. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపుతుంది, యూవీఏను చాలావరకు వదిలేస్తుంది. కారులో ముందు అద్దం రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది కాబట్టి యూవీఏను కూడా బాగానే ఆపుతుంది, పక్క అద్దాల మీద ఆ నమ్మకం పెట్టుకోలేం.

మారతహళ్ళి వాసి:
మాస్టారికీ డాక్టరు గారికీ ధన్యవాదాలు. కారులో వెళ్ళినప్పుడు కూడా కిటికీ వైపు చేతికే కొంచెం ఎక్కువగా వస్తున్నట్టు ఇప్పుడు ఆలోచిస్తే అనిపిస్తోంది. దీనికి చికిత్స ఏమిటో కూడా చెప్పగలరా?

మైలాపూర్ చర్మవైద్యుడు:
కిటికీ వైపు చేతికి ఎక్కువగా వస్తోందంటే యూవీఏ పాత్ర ఉన్నట్టే. పీఎంఎల్‌ఈలో అది సర్వసాధారణం. వచ్చినప్పుడు కొద్ది రోజులు వైద్యులు రాసిన స్టెరాయిడ్ క్రీము, దురదకు యాంటీహిస్టమిన్ మాత్ర సరిపోతాయి. రాకుండా ఉండటానికి చేతులు కప్పే బట్టా, యూవీఏను కూడా ఆపే సన్‌స్క్రీనూ కావాలి. ఏటా బాగా ఇబ్బంది పడేవారికి వేసవి రాకముందే ఆసుపత్రిలో 311 నానోమీటర్ల యూవీబీ దీపం కింద కొద్దికొద్దిగా మోతాదు పెంచుతూ చర్మాన్ని అలవాటు చేస్తారు. వెలుతురు జబ్బుకు వెలుతురే మందా అని రోగులు నవ్వుతారు గానీ, పైన చెప్పిన అలవాటునే మేము కొలిచి తెప్పిస్తున్నాం, అంతే. మందుల కొట్టులో అడిగి తెచ్చుకున్న ఏ క్రీము గొట్టాన్నీ నెలల తరబడి రాయకండి.

మడకశిర రైతుబిడ్డ:
మా నాన్నగారి సంగతి రాయాలనిపించింది. అది మీలాంటి కేసు కాకపోయినా, మొదట దాన్ని కూడా అందరూ ఎండ వల్లనే అన్నారు.

ఆయన పొలం పని వదిలి మా దగ్గరికి బెంగళూరు వచ్చేశారు. ముఖం, మెడ, మోచేతుల మడతలు నల్లబడి, చర్మం దళసరెక్కి, రాత్రిళ్ళు గోకి గోకి రక్తం కారేది. టోపీ పెట్టించాం, సన్‌స్క్రీన్ రాయించాం, పగలు బయటికి వెళ్ళనివ్వలేదు. కొంత తగ్గేది, మళ్ళీ మొదలయ్యేది. చివరికి ఒక చర్మవైద్యురాలు ఆయనను కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తించి, గడ్డం కింద నీడ పడే చోటును టార్చిలైటుతో చూశారు. తర్వాత చెవులు ముందుకు మడిచి వెనుక చూశారు, కళ్ళు మూయించి పైరెప్పలు చూశారు. ఎండ వల్ల అయితే ఈ మూడు చోట్లా చర్మం బాగుండాలట. నాన్నగారికి మూడు చోట్లా ఉంది. ఎండ పడని చోటికి కూడా వెళ్ళగలిగేది గాలి కాబట్టి, గాలిలో వచ్చేది ఏదో అంటుకుంటోందని ఆవిడ తేల్చారు. వీపు మీద పట్టీలు అంటించి 48 గంటల తర్వాత చూసే ప్యాచ్ టెస్టులో వయ్యారిభామ అనే కలుపు మొక్క పట్టీ కింద ఎర్రగా పొంగింది.

ఆ మొక్కను చూడనివారు ఈ ఊళ్ళో ఉండరు. ఖాళీ స్థలాల్లో, రైలు పట్టాల పక్కన, కట్టడం ఆగిపోయిన లేఅవుట్లలో నడుమెత్తు పెరిగి చిన్న తెల్ల పూలు పూస్తుంది. ఇక్కడివారు కాంగ్రెస్ గిడ అంటారు. మా ఇంటి వెనుక స్థలం నిండా అదే. అమెరికా ఖండం నుంచి వచ్చిన ఈ కలుపు మన దేశంలో మొదట పుణె దగ్గర 1955 ప్రాంతంలో కంటబడిందట. దీని ఆకులు తినే పెంకు పురుగును మెక్సికో నుంచి తెప్పించి 1984లో బెంగళూరులోనే మొదట వదిలారు. వానాకాలంలో ఆకులు జల్లెడ పడి కనిపిస్తే అది దాని పనే. అయినా మొక్క మాత్రం తరగలేదు.

ఎండిన మొక్కల పొడి గాలిలో కలిసి ముఖం మీద పడినా చాలు. అందుకని మేము పూతకు రాకముందే, చేతికి తొడుగులు వేసుకుని, కూలివారితో పీకించాం; నాన్నగారిని ఆ రోజు చెల్లెలి ఇంటికి పంపించేశాం. ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తెలిసింది. చామంతి కూడా అదే కుటుంబానికి చెందిన మొక్క కాబట్టి దాని రసం పడినా రేగుతుంది. పూజ గదిలో చామంతి దండల బదులు మల్లెలు వాడటం మొదలుపెట్టాక ఆయన చేతివేళ్ళ పగుళ్ళు తగ్గాయి.

మైలాపూర్ చర్మవైద్యుడు:
ఆ వైద్యురాలు చూసిన తీరు పాఠ్యపుస్తకంలో పెట్టదగ్గది. ఒక్క మాట చేర్చాలి: ఇది ఎండతో సంబంధం లేని జబ్బని కూడా అనుకోవద్దు. వయ్యారిభామ అలర్జీ ఏళ్ళ తరబడి నడిచిన కొందరు పెద్ద వయసు మగవారిలో చర్మం క్రమంగా వెలుతురును కూడా సహించలేని స్థితికి చేరుతుంది. దాన్ని ‘క్రానిక్ ఆక్టినిక్ డెర్మటైటిస్’ అంటాం. అప్పుడు మొక్కనూ ఎండనూ రెంటినీ తప్పించవలసిందే. ముదిరినప్పుడు రోగనిరోధక వ్యవస్థను అదుపు చేసే అజథయోప్రిన్ వంటి మందులు వాడతాం. వాటికి రక్త కణాలు, కాలేయం పరీక్షలు క్రమం తప్పకుండా చేయించుకోవాలి.

మందుల కొట్టు:
మెడికల్ షాపు నడుపుతున్నవాడిగా నాకు తోచింది రాస్తున్నాను. కొత్తగా ఎండకు చర్మం కమిలిపోతోందని ఎవరైనా వస్తే నేను మొదట అడిగేది, ఈ మధ్య ఏ మందు మొదలుపెట్టారని. రక్తపోటుకు వాడే మాత్రల్లో టెల్మిసార్టన్‌తో కలిపి హైడ్రోక్లోరోథయజైడ్ ఉండేవి చాలా ఉన్నాయి. అట్ట మీద పేరు చివర హెచ్ అనే అక్షరం ఉంటే చాలావరకు అదే. మొటిమలకు ఇచ్చే డాక్సీసైక్లిన్, గుండె లయకు ఇచ్చే అమియోడరోన్, నొప్పులకు వాడే పైరాక్సికామ్, నాప్రాక్సెన్, ఆఖరికి మోకాలికి రాసుకునే కీటోప్రొఫెన్ జెల్ కూడా ఈ జాబితాలోవే. మందు చర్మంలోకి చేరి అక్కడ యూవీఏను పీల్చుకుని కణాలను దెబ్బతీస్తుంది. మందు మంచిదే, ఎండా కొత్తది కాదు, రెండూ కలిసినప్పుడే గొడవ. దయచేసి ఇది చదివి ఎవరూ రక్తపోటు మాత్ర మానేయకండి. రాసిన డాక్టరుకు చెబితే వేరేది మారుస్తారు.

ఇక మంగు మచ్చలకని చాలామంది అడిగి తీసుకునే మూడు మందుల మిశ్రమం క్రీము గురించి. అందులో హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్‌లతో పాటు స్టెరాయిడ్ ఉంటుంది. వారం పది రోజుల్లో ముఖం తెల్లబడుతుంది, మానగానే మచ్చ మళ్ళీ వస్తుంది, అందుకని మానరు. ఏడాది తిరిగేసరికి చర్మం పలచబడి, రక్తనాళాలు బయటికి కనిపిస్తూ, వాకిట్లోకి వచ్చినా ముఖం మండే పరిస్థితికి చేరుకుంటారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్‌లోకి స్పష్టంగా తెచ్చింది. నా కొట్టులో చీటీ అడిగితే పక్క కొట్టుకు వెళతామనేవారే ఎక్కువ.

నిమ్మతోట:
నేను చూసిన ఒకటి: తిరుపతి దగ్గర మా బంధువుల పెళ్ళిలో ఎండలో కూర్చుని వందలకొద్దీ నిమ్మకాయలు పిండిన వంటవాళ్ళ కుర్రాడికి రెండు రోజుల తర్వాత చేతుల మీద, రసం కారిన దారి వెంబడే, చారలుగా నీటిపొక్కులు లేచాయి. కాలిన గాయమనుకుని నూనె తగిలిందా అని అడిగారు, తగల్లేదు. పొక్కులు మానాక ఆ చారలు నల్లగా చాలాకాలం ఉండిపోయాయి.

మైలాపూర్ చర్మవైద్యుడు:
నిమ్మ తొక్కలోనూ రసంలోనూ ఉండే ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు యూవీఏ తగిలినప్పుడు చర్మాన్ని నిజంగానే కాలుస్తాయి. అంజూర పాలకూ ఆ గుణం ఉంది. ఇది అలర్జీ కాదు, ఎవరికైనా వస్తుంది. సబ్బుతో కడుక్కుని ఎండలోకి వెళితే రాదు. బొల్లికి నాటువైద్యంగా రాసుకునే బావంచాల నూనెలో ఉన్నవీ ఇదే జాతి పదార్థాలు. వాటిలోని సొరాలెన్‌ను మాత్రగా ఇచ్చి, కొలిచిన యూవీఏ కింద నిలబెట్టే పూవా చికిత్స 1974 నుంచి ప్రాచుర్యంలో ఉంది. అక్కడ మోతాదు యంత్రం కొలుస్తుంది. బావంచాల నూనె రాసుకుని మేడ మీద ఎండలో కూర్చుంటే కొలిచేవారు ఎవరూ ఉండరు. వేసవిలో పొక్కులతో వచ్చేవారిని మేము తరచూ చూస్తుంటాం.

ఫిల్టర్ కాఫీ:
నాకు ఇంతవరకు ఎవరూ చెప్పని రకం ఉంది. బస్సు దిగి ఎండలో నడిచిన అయిదు నిమిషాలకే చేతుల మీద దోమ కుట్టినట్టు దద్దుర్లు లేచి మండుతాయి. ఆఫీసులోకి వెళ్ళిన గంటకు ఏమీ ఉండదు. ఎవరికైనా చూపిద్దామంటే చూపించడానికి మిగలదు. ఎస్పీఎఫ్ 50 సన్‌స్క్రీన్ రాసినా గుణం లేదు.

మైలాపూర్ చర్మవైద్యుడు:
ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, మాకు అదే పెద్ద ఆధారం. ఇది ‘సోలార్ అర్టికేరియా’, అంటే వెలుతురు తగలగానే లేచే దద్దుర్లు, కావచ్చు. కొందరికి యూవీ కాక కంటికి కనిపించే మామూలు వెలుతురే దీన్ని రేపుతుంది; మామూలు సన్‌స్క్రీన్లు దాన్ని ఆపలేవు కాబట్టి గుణం లేకపోవడం ఆశ్చర్యం కాదు. యాంటీహిస్టమిన్లతో చాలామంది తేరుకుంటారు, మొండి కేసులకు ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ఉంది. నిర్ధారణ అయ్యేవరకు ఆరుబయట ఈత కొలనులోకి మాత్రం దిగకండి. ఒళ్ళంతా ఒకేసారి వెలుతురుకు గురైతే రక్తపోటు పడిపోయి స్పృహ తప్పే ప్రమాదం ఉంది.

అడయారు అక్క:
ఈ చర్చలో ఒక పేరు ఇంకా రాలేదు కాబట్టి రాస్తున్నాను. నాకు లూపస్ ఉంది, అంటే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు. మొదట బుగ్గల మీద ఎర్రటి మచ్చ వచ్చింది. బీచిలో తిరిగినందుకు ఎండ అలర్జీ అని ఇంట్లో అందరం సరిపెట్టుకున్నాం. అది వారాలు గడిచినా పోలేదు. రెండు బుగ్గల మీదా, ముక్కు దూలం మీదా ఉండి, ముక్కు పక్క నుంచి పెదవి మూల వరకు ఉండే మడతను మాత్రం వదిలేసింది. అదే సమయంలో పొద్దున లేవగానే వేళ్ళు ముడుచుకోవడానికి చాలాసేపు పట్టేది, జుట్టు గుప్పెళ్ళుగా ఊడేది, అంగిట్లో నొప్పి లేని పుండు ఉండేది. ఈ నాలుగింటినీ నేను నలుగురు వేర్వేరు వైద్యులకు చెప్పాను. ఒకే వైద్యుడికి నాలుగూ చెప్పిన రోజునే లూపస్ వంటి జబ్బులను పసిగట్టే ఏఎన్ఏ అనే రక్త పరీక్షా, మూత్రంలో ప్రొటీన్ పరీక్షా రాశారు.

ఎండ నాకు చర్మాన్ని మాత్రమే రేపి ఊరుకోదు. ఒక్కోసారి కీళ్ళను, మూత్రపిండాలను కూడా రేపుతుంది. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర క్రమం తప్పకుండా వేసుకుంటాను, అది కంటికి హాని చేయడం లేదని చూసుకోవడానికి రెటీనా పరీక్ష చేయించుకుంటాను. మారతహళ్ళి వాసి గారూ, మీకు ఇది ఉందని నా ఉద్దేశం కాదమ్మా. మీకు వారంలో తగ్గిపోతోంది. అయినా కీళ్ళ నొప్పులు, జుట్టు రాలడం, నోటి పుండ్లు ఏవైనా ఉంటే వైద్యులు అడగకపోయినా మీరే చెప్పండి.

పాలమూరు జొన్న:
మా తాతల కాలంలో తెలంగాణ పల్లెల్లో వేసవిలో కూలివాళ్ళకు మెడ చుట్టూ హారం వేసినట్టు నల్లటి పట్టీ, చేతులమీద తొడుగు వేసినట్టు పొలుసులు వచ్చేవని మా నాయనమ్మ చెప్పేది. అది ఎండ దెబ్బేనా?

మైలాపూర్ చర్మవైద్యుడు:
మీ నాయనమ్మ గారు చెప్పింది పెల్లగ్రా. నియాసిన్ అనే బి విటమిన్ లోపం వల్ల వస్తుంది. ఎండ తగిలిన చోట బయటపడుతుంది, చికిత్స మాత్రం తిండిలో ఉంటుంది. విరేచనాలు, మతిస్థిమితం తప్పడం కూడా దాని లక్షణాలే. ఆ మెడ పట్టీకి 18వ శతాబ్దపు స్పెయిన్ వైద్యుడు కాసల్ పేరు ఉంది. ఇతర దేశాల్లో మొక్కజొన్న మీదే బతికిన పేదల్లో ఇది వస్తే, దక్కన్‌లో జొన్న మీదే బతికినవారిలో వచ్చింది. జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లం నియాసిన్ వినియోగాన్ని అడ్డుకుంటుందని పోషకాహార పరిశోధకులు సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా 1960లో ప్రతిపాదించారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత చాలా చర్చ జరిగింది. నేడు పప్పూ పాలూ తింటూ జొన్నరొట్టె తినేవారు భయపడవలసిన పని లేదు. ఇప్పుడు మాకు కనిపించే పెల్లగ్రా ఎక్కువగా భోజనం మాని మద్యం మీదే గడిపేవారిలోనూ, అరుదుగా క్షయకు ఐసోనియజిడ్ వాడుతున్నవారిలోనూ ఉంటుంది.

కేఆర్‌పురం కోడలు:
మా ఆడపడుచు కొడుక్కి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఎండలోకి తీసుకెళితే కళ్ళు తెరవలేక ఏడుస్తాడు, ముఖం మీద నల్లటి సన్న చుక్కలు చాలా వస్తున్నాయి. వాళ్ళది మేనరికం. అవి అందంగా ఉన్నాయని ఊళ్ళో వాళ్ళు అంటున్నారు. పట్టించుకోవాలా?

మైలాపూర్ చర్మవైద్యుడు:
అమ్మా, ఈ మొత్తం చర్చలో వెంటనే కదలవలసిన ప్రశ్న ఇదే. ఈ వారంలోనే చర్మవైద్యులకు చూపించండి, అప్పటివరకు పగలు బయటికి తీసుకెళ్ళకండి, కిటికీలకు మందపాటి తెరలు వేయండి. రెండేళ్ళలోపు పిల్లలకు ఎండ తగిలే చోట విపరీతంగా చుక్కలు రావడం, వెలుతురు చూడలేకపోవడం ‘జీరోడెర్మా పిగ్మెంటోసమ్’ అనే జన్యువ్యాధిలో కనిపిస్తాయి. అదే అని నేను అనడం లేదు. అది కాదని తేల్చుకోవడం అవసరం. అతినీలలోహితం మన కణాల డీఎన్ఏను రోజూ దెబ్బతీస్తూనే ఉంటుంది, కణం ఎప్పటికప్పుడు బాగు చేసుకుంటూ ఉంటుంది. ఆ మరమ్మతు వ్యవస్థే ఈ వ్యాధిలో లోపిస్తుందని జేమ్స్ క్లీవర్ 1968లో కనుగొన్నారు. కాపాడకపోతే చిన్న వయసులోనే చర్మ క్యాన్సర్లు వస్తాయి, కళ్ళు దెబ్బతింటాయి. ముందే గుర్తించి యూవీ తగలకుండా పెంచిన పిల్లల జీవితం చాలా మెరుగ్గా ఉంటుంది. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ లోపమున్న జన్యువు వస్తేనే వ్యాధి బయటపడుతుంది కాబట్టి దగ్గరి సంబంధాల్లో అవకాశం ఎక్కువ. తర్వాతి కాన్పుకు ముందు జన్యు సలహా తీసుకోమని మీ ఆడపడుచుకు చెప్పండి. దీనికి ఎవరినీ నిందించే పని పెట్టుకోకండి.

నిర్వాహకుడు:
పై ప్రశ్న అడిగినవారికి దయచేసి ఎవరూ ఇంటి చిట్కాలు సూచించవద్దు. అలాంటి రెండు వ్యాఖ్యలను తొలగించాను.

వేపపుల్ల:
నా వ్యాఖ్య అందులో లేదని మనవి. ఒక సందేహం: సన్‌స్క్రీన్ గొట్టం ఖరీదు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి. చున్నీ కట్టుకుంటే సరిపోదా? ఈ ఎస్పీఎఫ్ అంకెలు నిజమేనా?

మైలాపూర్ చర్మవైద్యుడు:
చున్నీని నేను తక్కువ చేయను. బట్టే మొదటి రక్షణ. అయితే బట్టను వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. వేళ్ళు స్పష్టంగా కనిపిస్తే కిరణాలూ అలాగే వస్తాయి. పల్చటి తెల్ల నూలు బట్టకన్నా దగ్గరి నేత ముదురు రంగు బట్ట మేలు. తడిసిన నూలు ఇంకా తక్కువ కాపాడుతుంది.

ఎస్పీఎఫ్ అంకె నిజమే గానీ అది యూవీబీ లెక్క. 30 అయితే సుమారు 97 శాతం, 50 అయితే సుమారు 98 శాతం ఆపుతుంది. చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి ప్రయోగశాలలో తేల్చిన అంకె అది. మనవాళ్ళు బఠాణీ గింజంత తీసుకుని ముఖమంతా సర్దుతారు కాబట్టి అట్ట మీది అంకెలో చాలా తక్కువే అందుతుంది. చూపుడు వేలూ నడిమి వేలూ పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్ళీ రాయాలి. పీఎంఎల్‌ఈ ఉన్నవారు యూవీఏ రక్షణకు గొట్టం మీద పీఏ అనే అక్షరాల పక్కన ఉండే ప్లస్ గుర్తులు చూడాలి. నాలుగు ఉంటే మంచిది. మంగు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత రంగు సన్‌స్క్రీన్ మేలు, ఎందుకంటే మంగును మామూలు వెలుతురు కూడా పెంచుతుంది. ఖర్చు భరించలేకపోతే చేతులకు బట్ట తొడుగులు వేసుకుని, క్రీమును ముఖానికీ మెడకే వాడండి.

మారతహళ్ళి వాసి:
ఇక్కడే ఒక చర్మవైద్యురాలిని కలిశాను. గడ్డం కింద, చెవుల వెనుక చూశారు; రెండు చోట్లా ఏమీ లేదు. వాడే మందులు అడిగారు, కీళ్ళ గురించి అడిగారు, ముందు జాగ్రత్తగా ఏఎన్ఏ చేయించారు, అది నెగటివ్ వచ్చింది. పీఎంఎల్‌ఈ అనే అన్నారు. వచ్చే ఏడాది ఫిబ్రవరి నుంచే పొడుగు చేతుల బట్టలు వేసుకుని, ఉదయం లేత ఎండలో కొద్దికొద్దిగా చేతులు అలవాటు చేయమన్నారు. కారు అద్దాలకు ఫిల్ము వేయిద్దామా అని మావారు అడుగుతున్నారు.

లెక్కల మాస్టారు:
2012లో సుప్రీంకోర్టు కారు అద్దాలకు నల్ల ఫిల్ములు అంటించడాన్ని నిషేధించింది. పోలీసులు ఇప్పటికీ ఆపుతుంటారు. ప్రస్తుత నిబంధనలు కనుక్కోకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. పొడుగు చేతుల చొక్కా మీద ఏ కేసూ లేదు.

అడయారు అక్క:
డాక్టరు గారూ, ఇలా ఎండకు దూరంగా ఉండేవారికి విటమిన్ డి మాటేమిటి? మా వీధిలో అందరూ ఎండలో కూర్చోమని నాకు సలహా ఇస్తుంటారు.

మైలాపూర్ చర్మవైద్యుడు:
లూపస్ ఉన్నవారు విటమిన్ కోసం ఎండలో కూర్చోవద్దు. రక్త పరీక్షలో స్థాయి చూసి, తక్కువ ఉంటే మీ వైద్యులు రాసిన మోతాదులో మాత్రలు వేసుకోండి. మందుల కొట్టులో దొరికే 60,000 యూనిట్ల పొట్లం వారానికి ఒకటి చొప్పున కొన్ని వారాలు మాత్రమే వాడవలసింది. దాన్ని రోజువారీ మాత్ర అనుకుని మింగి, కాల్షియం పెరిగి ఆసుపత్రిలో చేరినవారు ఉన్నారు. పీఎంఎల్‌ఈ ఉన్నవారికి అంత కట్టడి అక్కర్లేదు, కానీ వారు కూడా ఏడాదికోసారి చూపించుకుంటే మంచిది.